నూగును నిలిపిన బట్ట: డౌన్ జాకెట్ చరిత్ర

పక్షుల రొమ్ము భాగంలో, పైకి కనిపించే ఈకల కింద, చర్మాన్ని అంటిపెట్టుకొని పెరిగే మెత్తని నూగును డౌన్ అంటారు. ఆ నూగును రెండు పలుచని బట్టల మధ్య నింపి, అరలు అరలుగా కుట్టిన చలికోటే డౌన్ జాకెట్. చలిదేశాలకు చదువు కోసం వెళ్లే విద్యార్థి మొదలుకొని హిమాలయ శిఖరాలెక్కే ఆరోహకుని దాకా నేడు ఎందరో ధరించే ఈ వస్త్రం పుట్టి నూరేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. అయితే నూగులోని వెచ్చదనం మనుషులకు కొత్తగా తెలిసిన విషయం కాదు; రోమన్ల కాలం నాటికే అది దిండ్లలోనూ పరుపుల్లోనూ ఉంది. పడకగదిలో ఇన్ని శతాబ్దాలు నిలిచిన పదార్థం మనిషి భుజాల మీదికి రావడానికి 20వ శతాబ్ది దాకా ఎందుకు ఆగవలసి వచ్చింది అన్నదే ఈ వస్త్ర చరిత్రలో అసలు ప్రశ్న. దానికి సమాధానం నూగు చుట్టూ ఉన్న బట్టలో దొరుకుతుంది.

ఈ సంగతి అర్థం కావాలంటే ముందు నూగు నిర్మాణాన్ని గమనించాలి. ఎగరడానికి ఉపయోగపడే ఈకకు నడుమ గట్టి ఈనె ఉంటుంది; దానికి రెండు వైపులా ఉండే పోచలు ఒకదానినొకటి సన్నని కొక్కేలతో పట్టుకొని చదునైన పలకగా ఏర్పడతాయి. నూగుకు అటువంటి ఈనె ఉండదు, ఉన్నా నామమాత్రమే. ఒక చిన్న మొదలు నుంచి సన్నని పోగులు అన్ని దిక్కులకూ విచ్చుకొని, ఒక్కొక్క పోగు నుంచి ఇంకా సన్నని పీచులు చీలి, ఊదితే తేలిపోయే గుబురుగా అది తయారవుతుంది. ఇలాంటి గుబుర్లు పక్కపక్కన చేరినప్పుడు వాటి నడుమ చిక్కిన గాలి అటూ ఇటూ కదలలేదు. కదలని గాలి వేడిని చాలా నెమ్మదిగా మాత్రమే దాటనిస్తుంది కాబట్టి ఒంటి వేడి బయటికి పోకుండా నిలుస్తుంది. వేడిని పుట్టించేది జాకెట్ కాదని, లోపల ఉన్న మనిషి దేహమేనని, జాకెట్ దానిని కాపాడుతుందని గుర్తుంచుకుంటే తర్వాతి చరిత్ర అంతా సులభంగా బోధపడుతుంది. నూగుకు మరి రెండు గుణాలున్నాయి: నొక్కితే పిడికిలిలో ఇమిడిపోయి వదలగానే మళ్లీ విచ్చుకుంటుంది, ఏ చిన్న సందు దొరికినా అందులోంచి జారిపోతుంది. మొదటి గుణం వల్ల అది ప్రయాణాలకు అనువైనది కాగా, రెండో గుణం వల్ల దాన్ని వస్త్రంగా మలచడం వేల ఏళ్లపాటు సాధ్యపడలేదు.

క్రీ.శ. మొదటి శతాబ్దిలో రోమన్ రచయిత ప్లినీ తన ప్రకృతి చరిత్ర గ్రంథంలో, జర్మేనియా నుంచి వచ్చే తెల్లబాతుల నూగు పౌను 5 దెనారీల ధర పలికేదని, సరిహద్దు కాపలాకు నియమించిన దళాలను కొందరు అధికారులు బాతుల వేటకు పంపినందుకు వారిపై ఫిర్యాదులు వచ్చేవని నమోదు చేశాడు. అంత విలువైన సరుకు కూడా దిండ్ల కోసమే పోయేది. భారతీయ సాహిత్యంలోనూ పరిస్థితి వేరుగా లేదు; రాజభోగానికి గుర్తుగా తెలుగు కావ్యాల్లో హంసతూలికా తల్పం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది గాని, హంస నూగు నింపిన అంగీ ఏదీ కవుల ఊహలోకి రాలేదు. ఐరోపాలో పరుపులకూ దిండ్లకూ వాడిన గలేబు బట్టను చాలా దట్టంగా నేసి, లోపలి వైపు మైనమో సబ్బో రుద్ది సందులు పూడ్చేవారు. ఆ బట్ట నూగును నిలిపేది నిజమే కాని బరువుగా, బిరుసుగా ఉండేది. మంచం మీద ఆ బరువు ఇబ్బంది కాదు, నడిచే మనిషి ఒంటిమీద మాత్రం అది మోత.

నూగులన్నిటిలో శ్రేష్ఠమైనదిగా పేరు పొందింది ఐడర్ అనే సముద్రపు బాతు నూగు. ఉత్తర అట్లాంటిక్ తీరాల్లో, ముఖ్యంగా ఐస్‌లాండ్‌లో గూడు కట్టే ఈ పక్షి గుడ్లను వెచ్చగా ఉంచడానికి తన రొమ్ము నూగును తానే రాల్చుకొని గూటిలో పరుస్తుంది. ఇంగ్లండు ఈశాన్య తీరంలోని ఫార్న్ దీవుల్లో 7వ శతాబ్దిలో నివసించిన క్రైస్తవ సన్యాసి కత్‌బర్ట్ ఈ బాతులకు రక్షణ కల్పించాడని చెబుతారు. ఆ ప్రాంతంలో నేటికీ వాటిని కత్‌బర్ట్ బాతులని పిలుస్తారు. ఐస్‌లాండ్‌లో రైతులు ఈ పక్షులను పెంచరు, కట్టెయ్యరు. తమ పొలాల్లో గూళ్లు కట్టుకోనిచ్చి, నక్కలనుంచీ గద్దలనుంచీ కాపలా కాసి, గూటిలోని నూగును జాగ్రత్తగా ఏరి తెచ్చుకుంటారు. ఒక కిలో శుభ్రమైన నూగుకు దాదాపు 60 గూళ్లు కావాలి. దేశం మొత్తానికి ఏటా లభించేది 3 టన్నులకు కాస్త అటూ ఇటూ. ఈ నూగు పీచులు ఒకదానికొకటి పెనవేసుకొని ఉండటం వల్ల పెద్దబాతు నూగులాగా సులభంగా జారిపోవు, అందువల్ల బట్ట కొంచెం పలుచనైనా చెల్లుతుంది. తొలి నూగు కోటు ఐడర్ నూగుతోనే రావడానికి ఇదొక కారణం కావచ్చు. పక్షికి హాని లేకుండా, మనిషికీ పక్షికీ మధ్య వందల ఏళ్లుగా నడుస్తున్న ఈ ఒప్పందం లోకంలోని నూగు సేకరణ పద్ధతులన్నిటిలోనూ గౌరవించదగినది. దురదృష్టవశాత్తు మిగిలిన నూగు వ్యాపారం ఈ దారిలో నడవలేదు.

బట్ట సమస్యను బట్ట లేకుండానే పరిష్కరించినవారూ ఉన్నారు. కెనడాలోని హడ్సన్ అఖాతంలో ఉన్న బెల్చర్ దీవుల ఇనుయిట్ ప్రజలు, తమ ప్రాంతంలో దుప్పి జాతి కారిబూలు కరవైపోయాక, ఐడర్ బాతుల తోళ్లను ఈకలతో సహా వలిచి, నూగు లోపలి వైపు ఉండేలా కుట్టి పార్కాలు తయారుచేసుకున్నారు. పార్కా అంటే తలను కూడా కప్పే పొడవాటి చలికోటు. నూగు చర్మానికే అంటుకొని ఉంటుంది కాబట్టి జారిపోయే ప్రశ్న రాదు. డౌన్ జాకెట్ చరిత్రను ఐరోపా ఆరోహకులతో మొదలుపెట్టే పుస్తకాలు ఈ పనితనాన్ని ఒక వాక్యంతో దాటెయ్యడం న్యాయం కాదు. దొరికిన వస్తువుతో ప్రాణాలు నిలుపుకొన్న ఆ కుట్టుపనివారే ఈ వృత్తికి తొలి గురువులు.

నూగును దట్టమైన, తేలికైన బట్టలో బంధించి పర్వతం మీదికి తీసుకెళ్లిన మనిషిగా చరిత్రలో నిలిచినవాడు జార్జ్ ఇంగిల్ ఫించ్. 1888లో ఆస్ట్రేలియాలో పుట్టి, స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరంలో రసాయనశాస్త్రం చదివి, లండన్ ఇంపీరియల్ కాలేజీలో బోధించిన ఫించ్ ఆల్ప్స్ పర్వతాల్లో ఆరితేరిన ఆరోహకుడు. 1921 నాటి తొలి ఎవరెస్టు యాత్రకు ఎంపికై, వైద్యపరీక్ష కారణంగా చివరి నిమిషంలో తప్పించబడిన ఆయనకు 1922 యాత్రలో చోటు దొరికింది. ఆ కాలపు బ్రిటిష్ ఆరోహకులు నమ్మిన పద్ధతి వేరు: లోపల పట్టు, నూలు, దానిపై ఫ్లానెల్, దానిపై ఊలు స్వెట్టర్లు, అన్నిటికీ పైన గాలిని ఆపే గాబర్డీన్ అనే దట్టమైన నూలు కోటు. ఈ పొరలను కాదని ఫించ్ గాలి బెలూన్లకు వాడే బట్టను తీసుకొని, అందులో ఐడర్ నూగును నింపి, అరలుగా కుట్టించి, మోకాళ్ల దాకా వచ్చే కోటు చేయించుకున్నాడు. బెలూన్ బట్టను ఎంచుకోవడంలోనే ఆయన శాస్త్రజ్ఞత ఉంది. గాలినే బంధించి ఉంచడానికి నేసిన బట్టలోంచి నూగు జారదు, బయటి గాలి దూరదు. పైగా ఆకాశంలోకి ఎగరవలసినది కనుక తేలికగానూ ఉంటుంది. పరుపు గలేబులో కలిసిరాని ఈ మూడు గుణాలూ దానిలో ఒక్కచోట కుదిరాయి.

సహచరులు మొదట ఆ కోటును చూసి నవ్వారు; టిబెట్ పీఠభూమి గాలులు తగిలిన తర్వాత ఆ నవ్వులు ఆగిపోయి అసూయ మొదలైందని ఫించ్ తన దినచర్యలో రాసుకున్నాడు. మే నెల చివర్లో ఫించ్, జెఫ్రీ బ్రూస్, గూర్ఖా సైనికుడు తేజ్‌బీర్ సుమారు 7,770 మీటర్ల ఎత్తున గుడారం వేసి, తుపాను గాలికి గుడారం ఎగిరిపోకుండా పట్టుకొని రెండు రాత్రులు గడిపారు. మే 27న ఫించ్, బ్రూస్ ఆక్సిజన్ సాయంతో దాదాపు 8,320 మీటర్ల దాకా ఎక్కారు. అప్పటికి మనిషి కాలు మోపిన అత్యధిక ఎత్తు అదే. ఇంత జరిగినా, ఎవరెస్టు కమిటీతో వచ్చిన తగాదాల కారణంగా ఫించ్‌ను 1924 యాత్రకు తీసుకోలేదు, ఆయన కోటునూ ఎవరూ అనుసరించలేదు. ఆ సంవత్సరం జూన్ 8న శిఖరం దగ్గర కనుమరుగైన జార్జ్ మాలొరీ ఒంటిమీద, 1999లో ఆయన శవం దొరికినప్పుడు కనిపించినవి నూలు, పట్టు, ఊలు, గాబర్డీన్ పొరలే. ఆ దుస్తులకు నకళ్లు తయారుచేయించి 2006లో ఎవరెస్టు వద్ద పరీక్షించినప్పుడు, కదులుతూ ఎక్కుతున్నంతసేపు అవి అనుకున్నదానికన్నా బాగా పనిచేస్తాయని, ఆరుబయట రాత్రి గడపవలసి వస్తే మాత్రం సరిపోవని తేలింది. నూగుకూ ఊలుకూ మధ్య ఉన్న తేడా ఇక్కడే స్పష్టపడుతుంది: కష్టపడి నడిచే దేహం తనంతట తానే వేడిని పుట్టిస్తుంది, కదలకుండా కూర్చున్న దేహానికి నూగు కావాలి. ఒక మంచి ఆలోచనను దాని వెనుక ఉన్న మనిషి నచ్చలేదన్న కారణంతో పక్కన పెట్టడం ఆనాటి బ్రిటిష్ పర్వతారోహణ చేసిన పెద్ద పొరపాటు. ఇదే ఫించ్ 1952 నుంచి 1957 దాకా పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు సంచాలకుడిగా పనిచేశాడన్నది భారతీయ పాఠకులు తెలుసుకోదగిన విషయం. 1953లో హిల్లరీ, టెన్జింగ్ ఎవరెస్టు శిఖరం చేరిన వార్త వచ్చేనాటికి, ఆ దారిని ఆక్సిజన్‌తోనూ నూగుతోనూ ముందే చూపిన ఈ పెద్దమనిషి మన దేశంలోనే ఉద్యోగంలో ఉన్నాడు.

ఫించ్ కోటు ఒక వ్యక్తి కోసం ఒకసారి కుట్టినది. దాన్ని అంగట్లో దొరికే సరుకుగా మార్చినవాడు అమెరికాలోని సియాటిల్ నగర వ్యాపారి ఎడ్డీ బావర్. 1920లో క్రీడా పరికరాల దుకాణం తెరిచిన బావర్‌కు ఈకలతో పరిచయం పాతదే, ఎందుకంటే చేపల వేటకు వాడే ఎరలనూ బ్యాడ్మింటన్ ఆటకు షటిల్ కాక్‌లనూ అతడు ఈకలతో తయారుచేసేవాడు. 1930ల నడుమ ఒక శీతకాలంలో ఒలింపిక్ ద్వీపకల్పానికి చేపల వేటకు వెళ్లినప్పుడు, తడిసిన ఊలుకోటు ఒంటిమీదే గడ్డకట్టి అతడు చలికి దాదాపు ప్రాణం పోగొట్టుకునే స్థితికి వచ్చాడు. ఆ తర్వాత పెద్దబాతు నూగును వజ్రాకారపు అరల్లో కుట్టిన స్కైలైనర్ అనే జాకెట్‌ను 1936లో తయారుచేసి, 1940లో దానికి పేటెంట్ పొందాడు. తెలుగు ఇళ్లలో బొంత కుట్టే స్త్రీలు లోపలి గుడ్డ పేలికలు ఒక మూలకు చేరకుండా అడ్డంగా నిలువుగా కుట్లు వేసే పనే బావర్ నూగు విషయంలో చేశాడు; అరలు లేకపోతే నూగంతా జాకెట్ అడుగుకు జారి భుజాలు ఖాళీగా మిగులుతాయి. అదే దశాబ్దంలో ఫ్రాన్స్‌లో పియెర్ అలెన్ అనే ఆరోహకుడు కొండగోడల మీద రాత్రి గడపడానికి నూగు దుస్తులను, నూగు సంచులను తయారుచేసుకొని వాడాడు. పారిస్‌లో చార్ల్స్ జేమ్స్ అనే దుస్తుల రూపకర్త 1937లో తెల్లని శాటిన్ బట్టలో ఐడర్ నూగు నింపి స్త్రీల సాయంకాలపు విందుల కోసం ఒక కోటు కుట్టాడు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్న ఆ కోటును తర్వాతి కాలపు ఉబ్బు జాకెట్లన్నిటికీ పూర్వరూపంగా భావిస్తారు.

రెండో ప్రపంచయుద్ధం ఈ వృత్తిని రెండు విధాలుగా మార్చింది. ఎత్తున ఎగిరే యుద్ధ విమానాల్లోని సిబ్బందికి వెచ్చని దుస్తులు అవసరమై, అమెరికా ప్రభుత్వం నూగు సరఫరాను తన అదుపులోకి తీసుకొని సైన్యానికి కేటాయించింది. బావర్ కంపెనీ కుట్టిన బి-9 పార్కాలు వేలమంది వైమానికులకు అందాయి, వారు యుద్ధం ముగిశాక పౌరజీవితంలోనూ అలాంటి కోటునే కోరుకున్నారు. రెండో మార్పు అంతకన్నా లోతైనది. 1935లో డ్యూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కారొదర్స్ బృందం తయారుచేసిన నైలాన్, ఆడవారి మేజోళ్లుగా, యుద్ధకాలంలో పారాచూట్ బట్టగా పనికివచ్చి, యుద్ధానంతరం పర్వతారోహకుల చేతికి వచ్చింది. నూలు పోగు పొట్టి పీచులను కలిపి వడికినది కనుక గరుకుగా, లావుగా ఉంటుంది. దానితో నూగు జారని బట్ట నేయాలంటే పడుగూ పేకా దగ్గర దగ్గరగా పెట్టి బరువు పెంచక తప్పదు. పట్టు పోగు అవిచ్ఛిన్నమైనది, సన్ననిది, కాని ఖరీదు ఎక్కువ, రాపిడికి ఓర్చుకోదు. పట్టుకు ఉన్న సన్నదనాన్ని, రాళ్ల రాపిడికి నిలిచే గట్టిదనాన్ని, అందుబాటు ధరను ఒక్కచోట తెచ్చిన పోగు నైలాన్. ఈనాటి తేలికపాటి డౌన్ జాకెట్ అసలు జన్మస్థానం ఈ పోగే అనడం సమంజసం. నూగు మాత్రం ప్లినీ కాలంలో ఎలా ఉందో నేడూ అలాగే ఉంది.

యుద్ధం తర్వాతి దశాబ్దం హిమాలయాల్లో పెద్ద శిఖరాల దశాబ్దం, నూగు దుస్తులకు అది పరీక్షాకాలం. 1953లో చార్ల్స్ హ్యూస్టన్ నాయకత్వంలో కె2 శిఖరానికి వెళ్లిన అమెరికన్ బృందం కోసం బావర్ కారకోరం పార్కా అనే ప్రత్యేకమైన కోటు కుట్టాడు. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ దగ్గరి మొనెస్తియే-ద-క్లెర్మోఁ అనే కొండ ఊరిలో 1952లో రెనే రామియోఁ స్థాపించిన కంపెనీ, ఆ ఊరి పేరునే కుదించి మోంక్లేర్ అని పెట్టుకొని, మొదట గుడారాలూ నిద్రసంచులూ తయారుచేసేది. చలిలో పనిచేసే తమ కార్మికుల కోసం ఆ కంపెనీ కుట్టించిన నూగు కోట్లను చూసిన ప్రసిద్ధ ఆరోహకుడు లియొనెల్ తెరే, వాటిని పర్వతాలకు పనికివచ్చేలా మార్చవచ్చని గ్రహించాడు. 1954 జూలై 31న అకిల్లె కొంపాగ్నొని, లీనో లాచెదెల్లి కె2 శిఖరం చేరిన ఇటాలియన్ యాత్రకు ఈ కంపెనీయే నూగు దుస్తులు అందించింది. కార్మికుల వెచ్చదనం కోసం పుట్టిన కోటు శిఖరానికి చేరి, అక్కడి నుంచి 1980లలో మిలాన్ యువకుల వేషంగా, ఆ తర్వాత విలాస వస్తువుగా మారడం ఈ కథలో ఒక ఉపకథ. దాని మీద ఇక్కడ ఎక్కువ సేపు ఆగనవసరం లేదు.

బట్ట ఎంత సన్నబడిందో కొలవడానికి వాడే ప్రమాణం డెనియర్: 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 1960, 70లలో అమెరికాలో విరివిగా అమ్ముడుపోయిన జాకెట్ల నైలాన్‌తో పోలిస్తే నేటి తేలికపాటి జాకెట్ల బట్ట 20, 10, చివరికి 7 డెనియర్ల దాకా దిగింది. ఇంత సన్నని బట్టలోంచి నూగు జారకుండా ఉండటానికి నేత పూర్తయ్యాక దాన్ని వేడి ఇనుప రోలర్ల నడుమ గట్టిగా నొక్కుతారు. ఆ ఒత్తిడికి పోగులు చదునై పక్క పోగులతో అతుక్కున్నట్టు చేరి సందులు మూసుకుంటాయి. ఈ నొక్కుడు పనిని క్యాలెండరింగ్ అంటారు. పరుపు గలేబుకు రుద్దిన మైనం చేసిన పనినే ఇది బరువు పెంచకుండా చేస్తుంది. ఈ పనిలో జపాన్ మిల్లులు అగ్రస్థానంలో నిలిచాయి. జపాన్ దుస్తుల కంపెనీ యూనిక్లో, బట్టల కంపెనీ టోరేతో కలిసి 2009లో అల్ట్రా లైట్ డౌన్ అనే జాకెట్‌ను విడుదల చేసి, అప్పటిదాకా నూగును పట్టి ఉంచడానికి లోపల వేసే అదనపు సంచి బట్టను తొలగించి, నూగును నేరుగా పై బట్టకూ అస్తరుకూ మధ్య నింపింది. శిఖరాల వస్తువు బస్సు ప్రయాణికుల వస్తువైంది ఈ మలుపు దగ్గరే.

ఈ చరిత్ర తెలిసినవారికి జాకెట్‌ను ఎంచుకోవడం కష్టమైన పని కాదు, ఎందుకంటే చీటీ మీద కనిపించే ప్రతి మాటా ఏదో ఒక పాత సమస్యకు జవాబే. ఫిల్ పవర్ అనే అంకె నూగు ఎంతగా విచ్చుకుంటుందో చెబుతుంది: ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల నూగును గొట్టంలో వేసి నిర్ణీత బరువున్న మూత పెట్టినప్పుడు అది ఎన్ని ఘనపు అంగుళాల చోటు ఆక్రమిస్తుందన్నది కొలత. 550 ఫిల్ పవర్ గల నూగు దాదాపు 9 లీటర్లు, 800 గలది దాదాపు 13 లీటర్లు ఆక్రమిస్తుంది. అంకె పెరిగితే అదే వెచ్చదనం తక్కువ బరువుతో దొరుకుతుంది. అయితే జాకెట్ ఎంత వెచ్చన అన్నది ఆ అంకె ఒక్కటే చెప్పదు, లోపల ఎన్ని గ్రాముల నూగు ఉందో కూడా చూడాలి. చాలామంది కొనుగోలుదారులు పొరబడేది ఇక్కడే. 800 అంకె ఉన్నా 60 గ్రాములే నింపిన జాకెట్ కన్నా 650 అంకెతో 200 గ్రాములు నింపినది నిశ్చయంగా వెచ్చన. చీటీ మీద 90/10 అని ఉంటే నూటికి 90 పాళ్లు నూగు, 10 పాళ్లు ఈనె గల చిన్న ఈకలు అని అర్థం. కుట్టు రెండు రకాలు: పై బట్టనూ అస్తరునూ కలిపి నేరుగా వేసిన కుట్టు తేలిక, చవక, కాని కుట్టు గీత వెంట నూగు ఉండదు కనుక అక్కడ చలి దూరుతుంది, రెండు బట్టల మధ్య చిన్న గోడల్లాంటి పట్టీలు పెట్టి పెట్టెల్లా అరలు కట్టే పద్ధతిలో ఆ లోపం లేదు, గడ్డకట్టే చలికి తగినది అదే.

నూగుకు ఆది నుంచీ ఉన్న శత్రువు నీరు. తడిస్తే పీచులు ఒకదానికొకటి అంటుకొని కుంచించుకుపోతాయి, గాలి గదులు మాయమవుతాయి, వెచ్చదనం పోతుంది. అమెరికా సైన్యం కోసం 1980లలో ఆల్బనీ ఇంటర్నేషనల్ అనే సంస్థ రూపొందించిన ప్రైమలాఫ్ట్ వంటి కృత్రిమ పీచులు ఈ లోపాన్ని తీర్చడానికి వచ్చినవే. అవి తడిసినా చాలావరకు వెచ్చదనాన్ని నిలుపుకుంటాయి కాని, అదే వెచ్చదనానికి నూగు కన్నా బరువెక్కువ, నొక్కి మడిచిన కొద్దీ త్వరగా చదునైపోతాయి. 2012 ప్రాంతంలో నూగుకే నీటిని వికర్షించే పూత పూసే పద్ధతి వచ్చింది. అయినా నీటితో ఉన్న చిక్కు పూర్తిగా తీరలేదు కాబట్టి పొడి చలి ఉన్న లడఖ్‌కో మిన్నెసోటాకో నూగు జాకెట్, వాన తుంపరతో కూడిన చలి గల లండన్‌కో సియాటిల్‌కో కృత్రిమ పీచు జాకెట్ లేదా పైన వానకోటు తొడిగే ఏర్పాటు అన్న విభజన స్థిరపడింది. తొడిగే పద్ధతి కూడా ఫించ్, మాలొరీల అనుభవాలు నేర్పిన పాఠమే: వేగంగా నడిచేటప్పుడు నూగు జాకెట్‌ను తీసి సంచిలో పెట్టుకోవాలి, లేకపోతే చెమట లోపలినుంచి నూగును తడుపుతుంది, ఆగినప్పుడు, ఒళ్లు చల్లబడక ముందే తొడుక్కోవాలి. పైన బిగుతైన కోటు వేస్తే నూగు నలిగి గాలి గదులు పోతాయి కాబట్టి వదులుగా ఉన్నదే వేయాలి. ఇంట్లో దాచేటప్పుడు మడిచి నొక్కిపెట్టకుండా వేలాడదీయాలి. ఉతికితే తక్కువ సబ్బుతో ఉతికి, ఉండలు పూర్తిగా విడిపోయేదాకా తక్కువ వేడిలో ఆరబెట్టాలి.

తెలుగు నేలకు ఈ వస్త్రంతో పరిచయం ఇటీవలిది, దానికి కారణం వాతావరణమే. దక్కను పీఠభూమి చలికి గొర్రెల కాపరులు నేయించుకున్న గొంగడి చాలు. వానకూ చలికీ నేలమీద పరచుకోవడానికీ అది ఒక్కటే పనికివచ్చేది, ఆ పనుల్లో నూగు దానికి సాటి రాదు. లంబసింగి వంటి ఏజెన్సీ కొండ ఊళ్లలో శీతకాలపు తెల్లవారుజాముల చలికి కూడా మంచి ఊలు స్వెట్టరు సరిపోతుంది. తెలుగువారు నూగు దుస్తుల అవసరాన్ని చవిచూసింది పర్వతాల మీద, ప్రవాసంలో. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం గ్రామానికి చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో అధిరోహించాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయాడు. నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా యువకుడు ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులుగా భువనగిరి రాతికొండ మీద తొలి పాఠాలు నేర్చి, 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు శిఖరం చేరారు. ఆనాటికి పూర్ణ వయస్సు 13 ఏళ్ల 11 నెలలు. ఆ ఎత్తున ఆరోహకులు తొడిగే నిలువెల్లా నూగు సూటు, 1922లో అదే టిబెట్ వైపు నుంచి ఎక్కిన ఫించ్ కోటుకు నేరుగా వారసురాలు. షికాగోకూ న్యూజెర్సీకీ టొరంటోకూ ఏటా చేరే తెలుగు విద్యార్థులకు తొలి శీతకాలంలో తప్పనిసరైన ఖర్చుల్లో ఈ జాకెట్ ఒకటి. అక్కడి చలికి తగిన పెట్టె అరల కుట్టు, నూగు గ్రాములు, టోపీ ఇక్కడి దుకాణాల్లో దొరికే పలుచని జాకెట్లకు సాధారణంగా ఉండవు కనుక, వెళ్లిన తర్వాత అక్కడే కొనుక్కోవడం మేలు.

చివరిగా చెప్పవలసింది పక్షుల గురించి. లోకంలో వాడుకలో ఉన్న నూగులో అత్యధిక భాగం చైనా నుంచి, బాతు మాంసపు పరిశ్రమ ఉపఫలంగా వస్తుంది. కొన్ని దేశాల్లో బతికున్న పెద్దబాతుల నుంచే నూగును పీకుతున్నారని, కాలేయం ఉబ్బడానికి బలవంతంగా మేత కుక్కిన పక్షుల నూగు కూడా జాకెట్లలోకి చేరుతోందని బయటపడి, 2000ల చివర్లో ఐరోపాలో తీవ్రమైన ఆందోళన రేగింది. దాని ఫలితంగా 2014లో టెక్స్‌టైల్ ఎక్స్చేంజ్ అనే సంస్థ ఆధ్వర్యంలో రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్ అనే ప్రమాణం అమలులోకి వచ్చింది. ఈ రెండు పద్ధతులనూ నిషేధించి, పక్షి పెంపకం నుంచి జాకెట్ కుట్టు దాకా ప్రతి దశనూ స్వతంత్ర సంస్థలు తనిఖీ చేయడం దీని నియమం. నూరేళ్ల కష్టంతో బట్ట ఎంతో నాణ్యమైంది, కుట్టు నాణ్యమైంది. నూగు తెచ్చే పద్ధతి కూడా అంతే నాణ్యం కావాలంటే అది కొనేవారి చేతిలో ఉంది. జాకెట్ కొనే తెలుగువారు ధరను, ఫిల్ పవర్ అంకెను చూసినంత శ్రద్ధగా చీటీ మీద ఆ ప్రమాణపు ముద్ర కోసం కూడా చూడాలి. ముద్ర లేని సరుకు ఎంత చవకగా దొరికినా దుకాణంలోనే వదిలి రావాలి.